ఇంద్రలేఖ గారి తలనీలాలు

ఎందుకు రాస్తున్నానంటే

నేను ముప్పై నాలుగేళ్ళు కోల్‌కతాలో టాలీగంజ్ సినిమా స్టూడియోల్లో జుట్టు పని చేశాను. దువ్వడం, ముడులు కట్టడం, విగ్గులు కుట్టడం, అతికించడం. రిటైరై ఆరేళ్ళయింది. ఈ పనిలోకి కొత్తగా వచ్చే అమ్మాయిలు అప్పుడప్పుడు నన్ను కూర్చోబెట్టి అనుభవాలు చెప్పమంటారు. ఒక్కటి తప్ప అన్నీ చెప్పాను. ఆ ఒక్కటి ఇప్పుడు రాస్తున్నాను.

నటి ఇంద్రలేఖ గారు పోయినప్పుడు ఆవిడను కడసారి చూడటానికి కోల్‌కతా సగం కదిలి వచ్చింది. మర్నాడు పత్రికలన్నిటిలో ఒకటే ఫొటో. తెల్లటి రజనీగంధ పూల మధ్య ఆవిడ ముఖం, భుజాల మీదుగా నల్లటి జుట్టు. అంత జబ్బు చేసినా ఆ జుట్టు మాత్రం చెక్కుచెదరలేదని రాశారు. ఏటా ఆ తేదీకి ఇప్పటికీ అదే ఫొటో వేస్తారు.

ఆ జుట్టు ఆవిడది కాదు. నేను కుట్టిన విగ్గు. పెట్టింది నేనే. పెట్టవద్దని ఆవిడ నా చేత ఒట్టు వేయించుకున్నారు.

మాట తప్పడం నా ఒక్కదాని బాధే అయితే నాతోనే పోయేది. కానీ ఆ ఫొటో నమ్మి ఇంకో మనిషి నష్టపోవడం చూశాను. అందుకని రాయక తప్పదు. బెంగాలీలో జరిగిన మాటల్ని కూడా మన మాటల్లోనే పెట్టాను. నాకు ఏడుపైనా ఆలోచనైనా తెలుగులోనే వస్తుంది.

పేరు, చదువు

మాది శ్రీకాకుళం వైపు. నాన్న కోల్‌కతా రేవులో మూటలు మోసేవాడు. అమ్మ మునిసిపాలిటీలో వీధులు ఊడ్చేది. ఏక్‌బాల్‌పూర్‌లో ఒక గదిలో ఆరుగురం. నాకు ముందు ఇద్దరు పుట్టి పోయారట. నేను దక్కితే తల ఇస్తానని అమ్మ మొక్కుకుంది. దక్కాను కనక సింహాచలం అని పేరు పెట్టింది. స్టూడియోలో ఆ పేరు ఒక్కరికీ నోరు తిరగలేదు. మొదటి రోజే ‘శింఘో’ చేసేశారు. బెంగాలీలో సింహం. నేను ఫ్లోర్ మీదికి వస్తే లైట్ల వాళ్ళు పైనుంచి “శింఘో వస్తోంది, తలలు కాచుకోండి!” అని అరిచేవారు.

బడి ఏడో తరగతితో ఆగింది. మిగతా చదువంతా గ్రంథాలయం పెట్టిన భిక్ష. మా తెలుగువాళ్ళ సంఘం గదిలో రెండు ఇనప బీరువాల నిండా పుస్తకాలుండేవి. తాళం కూర్మారావు మాస్టారి దగ్గర. ఆదివారం ఆయన తాళం తీసేసరికి నేను గుమ్మంలో ఉండేదాన్ని. ఆ రెండు బీరువాలూ అయిపోయాక టాలీగంజ్‌లో వీధి గ్రంథాలయంలో బెంగాలీ పుస్తకాలు పట్టాను. శరీరశాస్త్రం, కొంచెం రసాయనం, మంగలి పని మీద అట్టలు ఊడిన పాత పుస్తకం ఒకటి. తల మీద ప్రతి వెంట్రుకా కొన్నేళ్ళు పెరిగి, కొన్నాళ్ళు ఊరుకుని, రాలిపోతుందనీ, అన్నీ ఒకేసారి రాలవు కాబట్టి మనకు తెలియదనీ అక్కడే చదివాను. క్యాన్సర్ మందు త్వరగా పెరిగే కణాన్ని చంపుతుందనీ, వెంట్రుక కుదురు కూడా అలాంటిదే కనక అది కూడా పోతుందనీ చాలామంది నర్సుల కంటే నేను బాగా చెప్పగలను. జుట్టు దువ్వేదానికి పుస్తకాలెందుకని నవ్వుతారు. నవ్వనివ్వండి. చదవండి.

రేబా మాసీ

నాకు పని నేర్పింది రేబా మాసీ. మాసీ అంటే బెంగాలీలో పిన్ని. పొట్టి మనిషి, బుగ్గలో ఎప్పుడూ పాన్. సన్నటి లేసు గుడ్డ మీద కొక్కెం సూదితో ఒక్కొక్క వెంట్రుకనే ముడివేయడం ఆవిడ దగ్గర రెండేళ్ళు నేర్చుకున్నాను. బాగా వస్తే ఏమీ అనేది కాదు. రాకపోతే ముడులన్నీ విప్పేసి మళ్ళీ మొదలుపెట్టించేది.

చేరిన కొత్తలో ఒక పెద్ద హీరోకి నడినెత్తిన అతుకు వేయడం మా వంతు. ఆ నెత్తి ఎంత మేర ఖాళీయో ఒకరోజు టీ కొట్టు దగ్గర అరచెయ్యి చూపించి నవ్వాను. భోజనాల వేళకి ఫ్లోరంతా పాకింది. కరెంటు పోతే ఎవరో చీకట్లో “లైట్లెందుకు, దాదా టోపీ తియ్యండి చాలు” అన్నారు. ఆయన షూటింగ్ ఆపేసి వెళ్ళిపోయాడు.

మాసీ నన్ను మేకప్ గదిలోకి ఈడ్చి చెంప మీద ఒకటి ఇచ్చింది.

“ఆయన తల నీ చేతికిచ్చాడా, నోటికిచ్చాడా?”

“తప్పయింది మాసీ.”

“వెంట్రుకలు రాలితే చీపురుంది. మీ అమ్మ వీధులు ఊడుస్తుంది కదా, అడిగి రా, మాట రాలితే ఏ చీపురు పెట్టి ఊడుస్తారో.”

అమ్మ ఊసెత్తినందుకు చాలాసేపు ఏడ్చాను. పాఠం మాత్రం ఎక్కింది. ఆ తర్వాత ఎవరి తల గురించీ నా నోట మాట రాలేదు. నన్ను పెద్ద నటీమణులు ఏరి కోరి పిలిచింది పనితనం కోసమే కాదు, ఈ నోటి కోసం. ఎక్కడ మూసుకోవాలో మాసీ నేర్పింది. ఎక్కడ తెరవాలో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు.

ఇంద్రలేఖ గారు

లేఖాదీ అని పిలిచేదాన్ని. నా కంటే నాలుగేళ్ళు పెద్ద. ఆవిడ గురించి పెద్ద పెద్ద మాటలు చాలామంది రాశారు. నేను చూసింది రాస్తాను. షాట్‌కి షాట్‌కి మధ్య మరమరాల్లో ఆవనూనె, పచ్చిమిర్చి కలిపి నాకూ ఇచ్చేవారు. డైలాగు మరిచిపోతే తనను తానే తిట్టుకునేవారు, ఎదుటివాళ్ళని కాదు. నడుం దిగిన జుట్టు. ఆ జుట్టు ఫొటో చేతపట్టుకుని ఊళ్ళో ఆడవాళ్ళు పార్లర్లకు వెళ్ళేవారు.

ఆవిడ వయసులో ఉన్నప్పుడు ఒక దర్శకుడు పల్లెటూరి విధవ వేషానికి గుండు చేయించుకోమన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. మూడు గంటలు కష్టపడి రబ్బరు తొడుగు వేశాను.

“ఈ విధవ గుండు నా తలకి ఒకసారి అంటితే మళ్ళీ వదలదు శింఘో,” అన్నారు అద్దం వైపు చూడకుండా. ఆ భయం ఆవిడలో అంత లోతుగా ఉండేది.

రొమ్ము క్యాన్సర్ వచ్చిందని బయట తెలిసింది గాని, మందు మొదలయ్యాక ఏం జరిగిందో తెలిసినవాళ్ళు నలుగురమే. కూతురు తితిర్, డాక్టరు, నర్సు, నేను. భర్తతో విడిపోయి అప్పటికే చాలా ఏళ్ళు.

ఒక ఉదయం పిలిపించారు. దిండు మీద జుట్టు ఉండలు ఉండలుగా ఉంది. దువ్వెన తీయబోతే చెయ్యి పట్టుకున్నారు.

“దువ్వకు. దువ్వితే వచ్చేస్తోంది. మొత్తం తీసెయ్.” నా చెయ్యి వదిలి, “విధవలా ఉంటాను కదూ?” అన్నారు.

“మా వైపు ఆడవాళ్ళ గుండు చూస్తే ఎవరూ అలా అనుకోరు దీదీ. దేవుడి దగ్గర్నుంచి వస్తున్నారనుకుంటారు. మా అమ్మ నా కోసం తల ఇచ్చింది. గుండుతో హౌరాలో రైలు దిగితే వీధి ఆడవాళ్ళంతా ఎదురెళ్ళి ప్రసాదం అడిగారట.”

“జుట్టు ఇచ్చిందా?”

“జుట్టు అనం దీదీ. దేవుడికిస్తే తలనీలాలు అంటాం.”

“నీలాలంటే?”

“నీలపు రాళ్ళు. ఉంగరంలో పెట్టుకుంటారే, అవి.”

“మామూలు జుట్టుకా ఆ పేరు? మీ అమ్మ జుట్టుకి కూడా?”

“వీధులు ఊడ్చే మనిషి జుట్టుకి కూడా.”

ఆవిడ ఆ మాట రెండు మూడుసార్లు నోట్లో తిప్పుకున్నారు. ‘తాలోనీలాలు’ అని వచ్చింది. కళ్ళు మూసుకున్నారు. “సరే. ఎవరికిస్తున్నానో తెలీదు. ఇచ్చేస్తున్నాను. తియ్యి.”

అమ్మాయిలూ, ఇది గుర్తుంచుకోండి. మందు తీసుకునే తలకి కత్తి పెట్టకూడదు. చిన్న గీత పడినా మానదు. ముందు కత్తెర, తర్వాత మిషన్, చివర గోరువెచ్చటి నీళ్ళలో ముంచిన పాత నూలు గుడ్డ. తీసిన జుట్టు వాళ్ళ కంటపడేలా నేల మీద వదలకండి.

అప్పటికి ఒక సినిమా సగంలో ఉంది. దానికోసం విగ్గు కుట్టాను. పదిహేను రోజులు పట్టింది. పెట్టి అద్దం ముందు కూర్చోబెట్టాక ఆవిడ కొస పట్టుకుని చూశారు.

“ఇది ఎవరిది శింఘో?”

అబద్ధం చెప్పొచ్చు. నోరు రాలేదు. “మా వైపు నుంచి వచ్చే జుట్టే దీదీ. గుళ్ళలో ఇచ్చింది వేలం వేస్తారు. వర్తకులు కొని తెస్తారు.”

“అంటే ఎవరి తాలోనీలాలో నా నెత్తి మీద.” నవ్వారు. తర్వాత నవ్వు పోయింది. “పని కోసం పెట్టుకుంటాను. ఆ పిల్లెవరో క్షమిస్తుంది. నన్ను తీసుకెళ్ళే రోజు మాత్రం నా తల మీద ఏమీ పెట్టకు. నాది నేనిచ్చేశాను. ఇంకొకరిచ్చింది పెట్టుకుని పోను.”

“ఆ మాటలు ఇప్పుడెందుకు దీదీ?”

“అప్పుడు లేచి చెప్పలేను కదా. ఒట్టెయ్యి.”

ఆవిడ నున్నటి తల మీద అరచెయ్యి పెట్టి ఒట్టేశాను.

ఆ రోజు

సినిమా పూర్తి చేశారు. ఆ తర్వాత ఎనిమిది నెలలు బతికారు.

ఉదయం ఏడింటికి ఫోను వస్తే వెళ్ళాను. మంచం పక్కన తితిర్. ఆ పిల్లను పుట్టినప్పటి నుంచి ఎరుగుదును. వసారాలో ఆ ఆఖరి సినిమా నిర్మాత దత్తబాబు ఫోన్ల మీద ఫోన్లు. పన్నెండు గంటలకు ఒక పెద్ద హాల్లో జనం దర్శనానికి పెడతారనీ, కెమెరాలు వస్తాయనీ చెప్పాడు.

“శింఘో, జనం వాళ్ళ ఇంద్రలేఖను చూడటానికి వస్తున్నారు,” అన్నాడు దత్తబాబు. “చూసుకో మరి.”

నేను తితిర్ వైపు చూశాను. తల్లి తల మీద దుప్పటి సర్దుతోంది.

“మాసీ, అమ్మను ఇలా చూపించలేను. వాళ్ళు ఫోన్లు పైకెత్తి తీస్తారు. పెట్టెయ్.”

“పెట్టమంటావా?”

“పెట్టెయ్ మాసీ.”

అంతే జరిగింది. ఎవరూ నన్ను బెదిరించలేదు. ఒట్టేశానన్న ఒక్క మాట గొంతు దాకా వచ్చింది. తల గురించిన మాట బయటపెట్టడం నాకు అలవాటు తప్పిపోయింది. విగ్గు పెట్టె తెరిచాను.

విగ్గు అంచు లేసుకు పూసే జిగురు ఒంటి వేడికి పట్టుకుంటుంది. ఆవిడ నుదురు చల్లగా ఉంది. పట్టుకోలేదు. నా అరచేతులు రుద్దుకుని, వేడి చేసుకుని, ఆ అంచు మీద పెట్టి కూర్చున్నాను. మళ్ళీ రుద్దుకోవడం, మళ్ళీ పెట్టడం. గంటన్నర. పాపిట తీశాను. చెవుల దగ్గర నాలుగు వెంట్రుకలు, నిద్రలో చెదిరినట్టు వదిలాను. నిజం చెప్పాలి కదా, చివర్లో రెండడుగులు వెనక్కి వేసి చూసి, బాగా కుదిరిందనుకున్నాను. ఆ క్షణం ఆవిడ నాకు లేఖాదీ కాదు, నా చేతిపని. రాసినవాటిలో నాకు ఎక్కువ సిగ్గు కలిగించే వాక్యం ఇదే.

హాల్లో వరసలో నడిచే ఆడవాళ్ళు ఆగి ఏడ్చారు. “జుట్టు చూడవే, జుట్టు చూడు” అని పక్కనున్నవాళ్ళకు చూపించారు. ఒక ముసలావిడ వంగి కొస ముట్టుకుని కళ్ళకద్దుకుంది. అది ఎవరిదో నాకే తెలియదు.

శ్మశానంలో విద్యుత్తు కొలిమి ముందు చివరి పది నిమిషాలు ఇంటివాళ్ళకు వదిలారు. కెమెరాలు లేవు. తితిర్, ఇద్దరు బంధువులు, నేను. అంచు కింద వేలు పెట్టి లాగితే వచ్చేస్తుంది, నాకంటే బాగా ఎవరికి తెలుసు? పూలు తీసెయ్యమన్నారు, తీశాను. విగ్గు ముట్టుకోలేదు. తలుపు మూశాక ముందు వచ్చేది జుట్టు కాలిన వాసన. మా వృత్తిలో వాళ్ళకు ఆ వాసన బాగా తెలుసు.

సంత్రాగాఛి ఆవిడ

రిటైరయ్యాక వారానికోసారి ఒక ఆసుపత్రికి వెళ్ళి, మందు తీసుకునే ఆడవాళ్ళకు విగ్గులు సరిచేసి పెడుతున్నాను. అక్కడ తలకు తువ్వాలు చుట్టుకుని ఒకావిడ కూర్చుని ఉంది. భర్త రైల్వేలో పని చేస్తాడు, ఇల్లు హౌరా అవతల సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్. పేరు అప్పలనరసమ్మ.

“ఏటమ్మా, నువ్వూ మనోలేనా?” అంది నా మాట వినగానే. తర్వాత గొంతు తగ్గించింది. “ఆ సినిమా ఇంద్రలేఖకీ ఇదే రోగమట గదా. సచ్చిపోయినా జుట్టు పోనేదు. మా కోడలు ఫోన్లో సూపించింది. నాకు రెండో సూదికే ఊడిపోనాది. నానేటి పాపం సేసినానో.”

“ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుందమ్మా,” అన్నాను.

“క్వార్టర్సోలు నవ్వతన్నారు. ఆ మారాజుకి మంచి మందిచ్చుంటారు, మనకి నీలు కలిపిచ్చుంటారు. ఈ సూదులు నాకొద్దు. ఇంక రాను.”

అప్పుడైనా చెప్పాల్సింది. శరీరశాస్త్రం అంత చదివినదాన్ని, వెంట్రుక కుదురు గురించి నర్సులకు పాఠం చెప్పగలదాన్ని, నోరు మూసుకుని తువ్వాలు సర్దాను. తర్వాతి వారం ఆవిడ రాలేదు. ఆ పై వారమూ రాలేదు. నర్సును అడిగితే ఫోను తీయడం లేదంది.

ఆ రోజు ఇంటికి వచ్చి రాయడం మొదలుపెట్టాను. వారం పట్టింది. రాసింది తీసుకుని తితిర్ దగ్గరికి వెళ్ళి బెంగాలీలో చదివి వినిపించాను. ఆమె మధ్యలో ఆపింది.

“విగ్గు పెట్టమన్నది దత్తబాబు అని రాశావేం? నేను కదా అన్నది.”

“పిల్లవి. నీ మీదికి రాకూడదని…”

“నాకు అప్పుడు ముప్పై ఒకటి మాసీ.” కుర్చీ నా దగ్గరకు జరుపుకుంది. “ఒట్టు సంగతి నాకు తెలీదు. ఆ రోజు ఒక్క మాట చెప్పి ఉంటే ఆపేదాన్ని.”

నేను కాగితాలు మడవబోయాను.

“రాయి. నాదీ రాయి, నీదీ రాయి,” అంది. అందుకే పైన ఉన్నది ఉన్నట్టు మార్చి రాశాను.

మర్నాడు లోకల్ రైలెక్కి సంత్రాగాఛి వెళ్ళాను. గదిలో కిటికీ మూసుకుని కూర్చుని ఉంది అప్పలనరసమ్మ. కోడలు పార్వతి టీ తెచ్చింది. మొత్తం చెప్పాను. విని, అప్పలనరసమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

“నువ్వే కుట్టినావా?”

“నేనే.”

“ఆ మారాజుక్కూడా గుండేనా?”

“గుండే. నా చేత్తోనే తీశాను.”

“మరి మొన్న నానంత ఏడిస్తే ఏటి సేస్తన్నావు? నోట్లో బెల్లం పెట్టుకున్నావా?” కోడలు ఆపబోతే కసిరింది. “ఉండే! మూడు సూదులు మానేసినాను ఈవిడ బొమ్మని నమ్మి.”

మళ్ళీ ఆసుపత్రికి వచ్చింది. నేనే తీసుకెళ్ళాను. మధ్యలో ఆపకుండా ఉండాల్సిందని డాక్టరు అన్నాడు. జబ్బు కాలేయానికి పాకింది. ఆపకపోయినా పాకేదేమో, ఎవరూ చెప్పలేరు. ఆ ‘ఏమో’ను పట్టుకుని నన్ను నేను విడిపించుకోవడానికి చాలాసార్లు ప్రయత్నించాను. కుదరలేదు.

విగ్గు కుడతానంటే వద్దంది. గుండుతోనే బజారుకెళ్ళి చేపలు బేరమాడింది. “నా పేరు ఎయ్యి నువ్వు రాసేదాన్లో,” అంది. “నాకు సదువు రాదు. మా కోడలు సదివి సెప్తాది.”

ఈ పనిలోకి వచ్చే అమ్మాయిలకు నేను చెప్పగలిగింది ఇదే. తల మీకు అప్పగించినవాళ్ళ గుట్టు మీ దగ్గర ఉండాలి. కానీ ఆ గుట్టు వాళ్ళది. వాళ్ళే దాన్ని విప్పెయ్యమన్నప్పుడు మూసి పెట్టడం నమ్మకం కాదు, పిరికితనం. నేను రెండిటికీ ఒకటే పేరు పెట్టుకుని బతికాను.

కృతజ్ఞతలు

బీరువా తాళం నా చేతికిచ్చి “ఇంటికి పట్టుకెళ్ళి చదువుకో అమ్మా” అన్న కూర్మారావు మాస్టారికి. ఆయన లేరు. చెయ్యి చేసుకున్నా చేతిపని ఇచ్చిన రేబా మాసీకి. ఆవిడా లేరు. టాలీగంజ్ గ్రంథాలయంలో గడువు దాటిన పుస్తకాలకు ఏనాడూ జరిమానా అడగని బీణా దీకి. నా అక్షర దోషాలు దిద్దిన సంఘం కార్యదర్శి సూర్యనారాయణ గారికి. తన తప్పు కూడా రాయమన్న తితిర్‌కి. ఒట్టు తీసుకునేంత నన్ను నమ్మిన ఇంద్రలేఖ గారికి కృతజ్ఞత చెప్పే అర్హత నాకు లేదు, క్షమించమని మాత్రమే అడగగలను.

తన పేరు వెయ్యమన్న అప్పలనరసమ్మ గారికి. ఇది పూర్తయ్యేలోపే ఆవిడ వెళ్ళిపోయారు.

చివరగా ఆవిడ కోడలు పార్వతికి. పోయిన రోజు అత్తగారికి, ముత్తయిదువ కనక, పసుపు రాశారు, కుంకం పెట్టారు. పూలు పెట్టడానికి తలలో జుట్టు లేదు. వాకిట్లో ఆడవాళ్ళు “తల మీద కొంగు కప్పండి, బాగోలేదు” అని గోల చేశారు. దండ చెవి పక్కన పెట్టి, చెయ్యి అడ్డం పెట్టి, “మా అత్త ఒద్దన్నాది” అని అందరికీ వినపడేలా చెప్పిన పార్వతికి.